నిమిషంలో కాగేవి, మిల్లీసెకనులో కాలేవి

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. దాంతోపాటే ప్రభుత్వం రైతులకు గట్టిగా చెప్పిన మాట ఒకటుంది: బాయిల కాడ ఆటోస్టార్టర్లు తీసేయండి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని ఏళ్లలో, అర్ధరాత్రి పొలానికి పోలేక రైతు పెట్టుకున్న పరికరం అది. లైన్లోకి కరెంటు రాగానే మనిషి అక్కర లేకుండా మోటరును ఎత్తుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే లైను మీద పడే భారం, అవసరం లేకున్నా తోడిపోసే భూగర్భజలం ప్రభుత్వం చెప్పిన కారణాలు. జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల కరెంటు ఇచ్చేది ఉత్తర డిస్కం. సిరిసిల్లలో మాత్రం 1970 నుంచి సహకార విద్యుత్ సరఫరా సంఘమే పంచుతోంది. జనం నోట్లో అది ‘సెస్’. పల్లెలకు కరెంటు అందించడానికి దేశంలో మొట్టమొదట పెట్టిన అయిదు సహకార సంఘాల్లో అదొకటి.

ఆటోస్టార్టర్ల గొడవ పత్రికలకెక్కింది. అదే ఇనుప స్టార్టర్ డబ్బాలో, మోటరుకు కరెంటు కలిపే కాంటాక్టరు కింద ఉండే నల్లటి ముక్కను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. దాని పేరు ఓవర్‌లోడ్ రిలే. బోరు అడుగున నీళ్లలో మునిగి ఉన్న మోటరు ఎంత వేడెక్కిందో, అక్కడిదాకా దిగి చూడకుండానే లెక్క కట్టడం దాని పని. ఆ లెక్క అర్థమైతే ఇన్వర్టర్లో ట్రాన్సిస్టరు ఎందుకు పగులుతుందో, ఫ్రిజ్ పక్కన స్టెబిలైజరు మూడు నిమిషాలు ఎందుకు ఆగుతుందో కూడా అర్థమవుతుంది. అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఒక చిన్న వస్తువు ఎంతసేపట్లో వేడెక్కుతుంది, ఎంతసేపట్లో చల్లారుతుంది?

రిలే లోపల మూడు ఫేజులకు మూడు పట్టీలుంటాయి. ఒక్కో పట్టీలో రెండు రకాల లోహాలు అతికి ఉంటాయి. మోటరుకు పోయే కరెంటు దారిలోనే ఉండటంతో ఈ పట్టీ కూడా వేడెక్కుతుంది. ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది, దాంతో పట్టీ వంగుతుంది. ఒక హద్దు దాటి వంగితే మీటను నెట్టి కరెంటు తెంపేస్తుంది. కరెంటు పెరిగితే వేడి దాని వర్గం లెక్కన పెరుగుతుందని జేమ్స్ జౌల్ 1841లోనే ప్రకటించాడు. 5 హెచ్‌పీ మోటరు నడుస్తున్నప్పుడు దాదాపు ఏడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది. లేచే క్షణంలో అంతకు ఆరేడు రెట్లు లాగుతుంది. ఆరు రెట్లంటే వేడి 36 రెట్లు. అయినా మోటరు సెకనో రెండు సెకన్లో గడిచేసరికి వేగం అందుకుంటుంది కాబట్టి వైండింగుకు ఏమీ కాదు. రిలే కూడా పడకూడదు, అంటే కరెంటు తెంపకూడదు. ఒక ఫేజు పోయి మోటరు లేవలేక అక్కడే బిగుసుకుపోతే మాత్రం రిలే పడి తీరాలి. రెండింట్లోనూ కరెంటు దాదాపు ఒకటే. తేడా అంతా ఎంతసేపు పారిందన్న దాంట్లోనే ఉంది.

అంతర్జాతీయ ప్రమాణంలో దీనికి తరగతులున్నాయి. సబ్‌మెర్సిబుల్ మోటర్లకు సిఫార్సు చేసే 10వ తరగతి రిలే, చల్లగా ఉన్నప్పుడు సెట్ చేసిన కరెంటుకు 7.2 రెట్లు పారితే పది సెకన్లలోపు పడాలి. 1.2 రెట్లు పారితే రెండు గంటల్లోపు పడాలి. 1.05 రెట్లయితే రెండు గంటలు గడిచినా పడకూడదు. ఈ మూడు షరతుల్లోంచే పట్టీ స్వభావాన్ని బయటికి లాగవచ్చు. 1.2 రెట్ల దగ్గర పడాలంటే మామూలు వేడికి దాదాపు 1.3 నుంచి 1.4 రెట్లు అందుకోగానే మీట కదలాలి. 7.2 రెట్ల కరెంటు తెచ్చే వేడి 52 రెట్లు. అంటే తుది వేడిలో నలభయ్యో వంతు చేరేసరికే పట్టీ పని అయిపోతోంది. దానికి ఎనిమిది సెకన్లు పట్టిందనుకుంటే, పట్టీ అసలు గడియారం ఎనిమిది నలభైలు, 320 సెకన్లు. సుమారు అయిదు నిమిషాలు.

ఈ ‘అసలు గడియారం’ పేరు కాల స్థిరాంకం. దాన్ని రెండు సంఖ్యలు నిర్ణయిస్తాయి. వస్తువును ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎన్ని జౌళ్లు కావాలన్నది మొదటిది, ఉష్ణధారణ. వస్తువులో పుట్టే ఒక్కో వాటుకు అది చుట్టుపక్కల గాలికంటే ఎన్ని డిగ్రీలు పైకి పోతుందన్నది రెండోది, ఉష్ణ నిరోధం. పోపు గరిటె క్షణాల్లో కాగుతుంది, సర్వప్ప పెట్టిన మందపాటి గిన్నె దించాక కూడా చాలాసేపు సెగ వదలదు. ఆ తేడా మొదటి సంఖ్యది. రెండింటినీ గుణిస్తే నేరుగా సెకన్లు వస్తాయి. అన్ని సెకన్లు గడిచేసరికి వస్తువు తన తుది వేడిలో 63 శాతానికి చేరుతుంది. దానికి రెట్టింపు సమయంలో 86 శాతం, మూడు రెట్ల సమయంలో 95 శాతం. చల్లారడంలోనూ ఇదే వరస, తలకిందులుగా. మొదటి గడువు ముగిసేసరికి 37 శాతం వేడి మిగులుతుంది, మూడోది ముగిసేసరికి అయిదు శాతం.

దీన్ని కోరుట్లలోనైనా జగిత్యాలలోనైనా ఏ ఇన్వర్టర్ రిపేరు షాపులోనైనా బల్ల మీద కనిపించే వస్తువుతో సరిచూడొచ్చు. పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడిచే ఇన్వర్టర్లలో ఐఆర్ఎఫ్ 3205 అనే, ట్రాన్సిస్టరు జాతికి చెందిన మాస్‌ఫెట్‌ చాలా వాడుకలో ఉంది. మూడు కాళ్లు, పైన బెజ్జం ఉన్న లోహపు రేకు, నల్లటి ఒళ్లు. బరువు రెండు గ్రాములు. అందులో సగానికి పైగా రాగి, మిగిలింది ఎక్కువగా ప్లాస్టిక్ పోత. రాగి గ్రాముకు, డిగ్రీకి 0.385 జౌల్ తీసుకుంటుంది, పోత దాదాపు ఒక జౌల్. మొత్తమ్మీద ఈ ముక్కకు డిగ్రీకి రమారమి ఒక జౌల్ కావాలి. హీట్‌సింక్ లేకుండా గాలిలో వదిలేస్తే వాటుకు 62 డిగ్రీలు పెరుగుతుందని తయారీదారు కాగితమే చెబుతుంది. 62ను ఒకటితో గుణిస్తే 62 సెకన్లు. ఒక నిమిషం! త్రాసు, గుణకారం తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఇక రెండు వాట్లు అందులో పుడుతున్నాయనుకుందాం. తుది పెరుగుదల 124 డిగ్రీలు. నిమిషం తర్వాత 78, మూడు నిమిషాలకు 118. చుట్టూ 25 డిగ్రీలుంటే చివరికి 149 దగ్గర ఆగుతుంది. లోపలి సిలికాన్‌కు తయారీదారు ఇచ్చిన హద్దు 175. బతికిపోతుంది. మే నెలలో జగిత్యాల జిల్లాలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం వింత కాదు. అప్పుడు అదే ముక్క 169 దగ్గర తేలుతుంది, హద్దుకు ఆరు డిగ్రీల దూరంలో. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఉంది. ఎండాకాలం వస్తువు ‘తొందరగా’ వేడెక్కదు. దాని గడియారం డిసెంబరులో ఎంతో, మే నెలలోనూ దాదాపు అంతే. మారేది బయలుదేరే చోటూ, చేరే చోటూ.

హీట్‌సింక్ బిగిస్తే కథ ఇంకోలా నడుస్తుంది. వంద గ్రాముల అల్యూమినియం డిగ్రీకి 90 జౌళ్లు మింగుతుంది. దాని నిరోధం వాటుకు అయిదు డిగ్రీలనుకుంటే గడియారం 450 సెకన్లు, అంటే ఏడున్నర నిమిషాలు. తుది వేడి తగ్గింది, అక్కడికి చేరే సమయం మాత్రం ఏడు రెట్లు పెరిగింది. బాగుచేసిన ఇన్వర్టరును అయిదు నిమిషాలు నడిపి, చేయి పెట్టి చూసి, ‘చల్లగానే ఉంది’ అని పంపించేస్తే అది ఇంటికెళ్లాక పావుగంటకు అసలు వేడి చూపిస్తుంది. అరగంట లోడు మీద పెట్టే మెకానిక్కును సాగదీస్తున్నాడని తప్పుపట్టకూడదు. అతను తెలిసో తెలియకో నాలుగు కాల స్థిరాంకాలు ఆగుతున్నాడు.

మరి మాస్‌ఫెట్లు టప్పుమని పగలడం ఏమిటి? నిమిషం గడువున్న వస్తువు కన్ను మూసి తెరిచేలోపు ఎలా పోతుంది?

ఎందుకంటే దానికి ఒక గడియారం కాదు, ఒకదానిలో ఒకటి చాలా గడియారాలున్నాయి. వేడి పుట్టేది రాగిలో కాదు, దాని మీద అతికించిన సిలికాన్ బిళ్లలో. ఆ బిళ్ల బరువు పది మిల్లీగ్రాములనుకుంటే దాని ఉష్ణధారణ డిగ్రీకి ఏడు మిల్లీజౌళ్లు. అందులో పుట్టిన వేడి 0.3 మిల్లీమీటర్ల మందం దాటి రాగిని చేరడానికే మిల్లీసెకను స్థాయి సమయం పడుతుంది. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌లో షార్ట్ అయి, సగం తెరుచుకున్న మాస్‌ఫెట్ మీద 12 వోల్టులూ నిలిచి, 58 ఆంపియర్లు పారాయనుకుంటే దాదాపు 700 వాట్లు. సెకనుకు ఏడు వందల జౌళ్లు, మిల్లీసెకనుకు 0.7. వేడి రాగిలోకి జారకపోతే ఆ ఒక్క మిల్లీసెకనులో బిళ్ల వంద డిగ్రీలు పైకి పోతుంది. కొంత జారుతుంది కాబట్టి నిజానికి తక్కువే. అయినా మూడు నాలుగు మిల్లీసెకన్లు అలాగే నిలిస్తే సిలికాన్ పని ముగుస్తుంది. వెనక ఎంత పెద్ద హీట్‌సింక్ ఉన్నా దానికి కబురు అందేలోపే అంతా అయిపోతుంది. పగిలిన ముక్కను ముట్టుకుంటే రేకు ఇంకా గోరువెచ్చగానే ఉండటం అందుకే. ఫీజు తీగ కూడా ఆలస్యమే. ఇలాంటి ప్రమాదానికి మందు మైక్రోసెకన్లలో కరెంటు చూసి గేటు మూసేసే సర్క్యూటు ఒక్కటే.

ఈ గడియారాల వరస ఎంత పొడవో చూస్తే ఆశ్చర్యమే. సిలికాన్ బిళ్లది మిల్లీసెకన్లు. బియ్యపు గింజకంటే చిన్నగా బోర్డుకు అతికే చిప్ రెసిస్టరుది సెకనులో కొద్ది భాగం. బ్యాటరీ ఛార్జర్లలో వేడి కనిపెట్టే పూసలాంటి థర్మిస్టరుది నిశ్చల గాలిలో పది సెకన్ల పైచిలుకు. పావు వాటు రెసిస్టరుది అర నిమిషం, అటూ ఇటుగా. ఊరి బయట స్తంభాల మీది ట్రాన్స్‌ఫార్మర్‌లో వైండింగుది నాలుగు నిమిషాల వరకు, అది మునిగి ఉన్న నూనెది మూడు గంటల వరకు. సాయంత్రం లోడు దిగిపోయాక కూడా ట్రాన్స్‌ఫార్మర్ తొట్టె వేడిగా తగలడానికి కారణం ఆ మూడు గంటలే.

వీటిలో ఏది నష్టపోతుందన్నది కరెంటు ఎంతసేపు పోయి వస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే షెడ్డునే తీసుకుంటే, కరెంటు రెండు సెకన్లు పోయి వస్తే సాంచాలన్నీ ఆగుతాయి. కార్మికుడు ఒక్కొక్కటే మళ్లీ లేపుకుంటాడు. పాత సాంచాలో మోటరు, స్విచ్చు తప్ప ఏముంది, దానికి చింత లేదు. కంట్రోలు బోర్డులున్న ర్యాపియర్ మగ్గాలకూ, ఇంట్లో టీవీకీ, ఛార్జర్లకూ మాత్రం ఆ రెండు సెకన్లే గండం. వాటి పవర్ సప్లయ్ ముఖద్వారంలో నల్లటి లేదా పచ్చటి బిళ్లలాంటి థర్మిస్టరు ఒకటుంటుంది. 5డీ-9 అనే రకమైతే చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం 5 ఓములు. 230 వోల్టుల సరఫరాకు శిఖరం 325 వోల్టులు. కాబట్టి స్విచ్చు వేసిన క్షణాన ఖాళీ కెపాసిటర్లు ఎంత దాహంగా లాగినా 65 ఆంపియర్లు దాటవు. తర్వాత ఆ బిళ్ల తానే వేడెక్కి, నిరోధం ఓములో అయిదో వంతుకు పడిపోయి, అడ్డు తప్పుకుంటుంది. దాని గడియారం అర నిమిషం. కరెంటు పోయి రెండు సెకన్లలో వచ్చిందంటే కెపాసిటర్లు ఖాళీ అవుతాయి, బిళ్ల మాత్రం ఇంకా వేడిగానే, తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఇక వైరింగు, కెపాసిటర్ల సొంత నిరోధమే అడ్డు. డయోడ్లు, ఫీజులు ఎగిరిపోయేది ఎక్కువగా ఇలాంటి సమయంలోనే. కరెంటు ఊగిసలాడుతుంటే స్విచ్చు ఆపేసి ఒకటి రెండు నిమిషాలాగి వేయమనే పెద్దల మాటకు అర నిమిషం కాల స్థిరాంకం మూడుసార్లు పూర్తి కావాలన్న లెక్క సరిగ్గా సరిపోతుంది.

ఫ్రిజ్‌లో తంతు దీనికి ఎదురు. పాతరకం కంప్రెసర్ను లేపడానికి వాడే బిళ్ల వేడెక్కితే నిరోధం వేల రెట్లు పెరిగే జాతిది. మోటరు లేవగానే అది క్షణంలో కాగి స్టార్టింగ్ వైండింగును పక్కకు తప్పిస్తుంది. కరెంటు పోయాక చల్లారడానికి మాత్రం కొన్ని నిమిషాలు కావాలి. ఆలోపు కరెంటు వస్తే స్టార్టింగ్ వైండింగుకు దారి ఉండదు, కంప్రెసర్ లేవలేక మూలుగుతుంది, ఓవర్‌లోడ్ టిక్కుమని తెగుతుంది. స్టెబిలైజరు మూడు నిమిషాలు ఆగేది ఈ బిళ్ల కోసం, లోపలి గ్యాసు ఒత్తిడి రెండు వైపులా సమం కావడం కోసం.

కాగితం మీది అంచనాను కొలిచి చూడటం కూడా కష్టం కాదు. చుట్టూ 45 డిగ్రీలుండగా ఒక ముక్క 105 దగ్గర ఉందనుకోండి. తేడా 60. కరెంటు ఆపి, వాచీ పట్టుకుని, తేడా 22కు, అంటే ముక్క 67 డిగ్రీలకు దిగేదాకా చూస్తే అదే కాల స్థిరాంకం. మల్టీమీటరుతో వచ్చే థర్మోకపుల్ చాలు. చిప్ రెసిస్టరు లాంటి చిన్న వాటికి మాత్రం ఈ పద్ధతి పారదు. థర్మోకపుల్ పూసే ఆ రెసిస్టరంత ఉంటుంది, కొలవబోయి దాన్నే చల్లారుస్తుంది. మాస్‌ఫెట్ లోపలి బిళ్లకైతే తీగ పెట్టే చోటే లేదు. అక్కడ సిలికానే థర్మామీటరు అవుతుంది. దానిలో సహజంగా ఉండే డయోడ్ గుండా సన్నటి స్థిర కరెంటు పంపితే డిగ్రీకి సుమారు రెండు మిల్లీవోల్టుల లెక్కన వోల్టేజి తగ్గుతుంది. వేడిచేసే కరెంటు ఆపిన వెంటనే ఆసిలోస్కోపు మీద ఆ వోల్టేజి పైకి లేవడం చూస్తే మిల్లీసెకన్ల గడియారం, సెకన్లది, నిమిషాలది ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కనిపిస్తాయి. బుడాపెస్ట్‌లో వ్లాదిమీర్ సెకెయ్ 1980లలో ఈ ఒక్క గీతలోంచి బిళ్ల ఎక్కడ ముగిసిందో, అతుకు ఎక్కడుందో, రాగి ఎక్కడ మొదలైందో చదివే గణితం తయారుచేశాడు. ముక్కను కోయకుండానే లోపలి అతుకు చెడిందని పట్టేస్తారు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల లాంటి చోట, రెండు వారాల ల్యాబులో విద్యార్థులు చేయదగిన ప్రయోగమిది.

లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా చెప్పాలి. నిరోధం స్థిరంగా ఉండే సంఖ్య కాదు. సాంచాల షెడ్డులో గాలికి తేలే నూలు నూగు హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుంటే నిరోధం పెరుగుతుంది. అప్పుడు తుది వేడీ పెరుగుతుంది, గడియారమూ నెమ్మదిస్తుంది. ఫ్యాను పెడితే రెండూ తగ్గుతాయి. ఎండలో మాడే ఇనుప స్టార్టర్ డబ్బాలో ‘చుట్టూ ఉన్న ఉష్ణోగ్రత’ అంటే వాతావరణ శాఖ చెప్పేది కాదు, డబ్బా లోపలిది. అందుకే మంచి రిలేల్లో బయటి వేడికి సరిచేయడానికి ఇంకో పట్టీ పెడతారు. అంచనా ఇరవై ముప్ఫై శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. తేల్చాల్సింది మిల్లీసెకనా, నిమిషమా, గంటా అన్నదే.

ఈ గణితం పుట్టుక కూడా వేడి వైపు నుంచే. చల్లారే వస్తువు లెక్కను న్యూటన్ 1701లో పేరు పెట్టకుండా ప్రకటించాడు. వేడి పారే తీరుకు ఫూరియే 1822లో సమీకరణాలు రాశాడు. అయిదేళ్ల తర్వాత గేయార్గ్ ఓమ్, ఫూరియే వేడికి రాసినట్టే కరెంటుకు రాస్తే ఎలా ఉంటుందని చూసి తన సూత్రం తెచ్చాడు. ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ వాళ్లు వేడిని లెక్కగట్టడానికి రెసిస్టర్లు, కెపాసిటర్ల బొమ్మ గీసుకుంటున్నారు. అప్పు వడ్డీతో సహా తీరింది.

ఆ బొమ్మ ఇప్పుడు స్టార్టర్ డబ్బాలోకీ వస్తోంది. ఎలక్ట్రానిక్ రిలేలో పట్టీ ఉండదు. మైక్రోకంట్రోలరు కరెంటును కొలిచి, వర్గం చేసి, మోటరు వేడిని అంకెల్లో కూడుతూ తీసేస్తూ ఉంటుంది. ఒక ఫేజు పోయినట్టు క్షణాల్లో పసిగడుతుంది. పట్టీ అయితే దాన్ని వేడి పెరిగేదాకా గుర్తించలేదు. నడుస్తున్న మోటరుకు ఫేజు పోతే మిగతా తీగల్లో కరెంటు 1.73 రెట్లు, వేడి మూడు రెట్లవుతుంది. అంత తెలివైన రిలేకూ ఒక చిక్కుంది. లైన్లో కరెంటే పోతే కంట్రోలరు కూడా ఆరిపోతుంది, దాంతో అప్పటిదాకా కూడిన లెక్కా పోతుంది. పది సెకన్లకు కరెంటు వస్తే అది మోటరు చల్లగా ఉందనుకుని మొదలుపెడుతుంది. బోరులో వైండింగు మాత్రం సలసలా కాగుతూనే ఉంటుంది. రెండు లోహాల పట్టీకి ఈ బాధ లేదు. అందులో మిగిలిన వేడే దాని జ్ఞాపకం, దానికి కరెంటు అక్కర్లేదు. రిలే పడిన వెంటనే రీసెట్ బటన్ ఎంత నొక్కినా కొద్దిసేపు నిలవకపోవడం అందుకే. ఆ కొద్దిసేపు ఓర్చుకోలేక రిలేను తప్పించి మోటరును ‘డైరెక్ట్’ చేయించుకున్న రైతులు తర్వాత వైండింగు షాపుకు కట్టే డబ్బు, ఆ అయిదు నిమిషాల ధర.

ఎలక్ట్రానిక్ రిలేల తయారీదారులు కొందరు దీనికి కనిపెట్టిన ఉపాయం చిత్రమైనది. బోర్డు మీద ఒక కెపాసిటరు పెట్టి, మోటరు వేడి ఎంతో అంత వోల్టేజికి దాన్ని ఛార్జి చేస్తారు. కరెంటు పోయినప్పుడు ఆ కెపాసిటరు పక్కనున్న రెసిస్టరు గుండా మెల్లగా ఖాళీ అవుతుంది. వాటి విలువల లబ్ధం మోటరు చల్లారే కాల స్థిరాంకానికి సరిపోయేలా ఎంచుతారు. కరెంటు తిరిగి వచ్చాక కంట్రోలరు మొదట చేసే పని ఆ వోల్టేజి చదవడం. ఫ్యానుతో చల్లబడే మోటరైతే ఆగి ఉన్నప్పుడు ఫ్యాను తిరగదు కాబట్టి నడిచేటప్పటికంటే రెండు మూడు రెట్లు నెమ్మదిగా చల్లారుతుంది. ఆ తేడాను కూడా రెసిస్టరు విలువలో కలుపుకోవాలి.